ఒడ్డు తెలియని ఆట

తెలుగులో ‘ఒడ్డు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి గోదావరి సీమ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఏటికీ కాలవకూ ఉండేది. రెండోది జూదంలో ముందుకు తోసే సొమ్ము. ప్రాణాలొడ్డి, సర్వస్వమూ ఒడ్డి అంటూంటాం చూడండి, ఆ ఒడ్డు. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక, సభాపర్వం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల ముందు ఈ శ్లేష వదలడం నాకొక అలవాటు. “ఒడ్డు కనిపించినంతసేపే ఒడ్డాలర్రా” అంటాను. వెనక బెంచీల వాళ్ళు మర్యాదకు నవ్వుతారు.

అయితే ఈ ఒడ్డడంలో ఎన్ని పద్ధతులున్నాయో, ముక్కలవే అయినా పద్ధతి మారితే మనిషి గతి ఎలా మారిపోతుందో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆ పాఠం మొదట మా అమ్మమ్మ దగ్గరా, ఆనక మొన్న 2025 దసరా సెలవుల్లో మా అక్క కొడుకు దగ్గరా చెప్పుకున్నాను. ఇద్దరిలో అమ్మమ్మే మంచి గురువు. అందుచేత ముందు ఆవిడ సంగతి.

మాది పిఠాపురం. ఊరి దైవం కుక్కుటేశ్వరస్వామి. పరమశివుడు కోడి రూపాన వెలిశాడని స్థలపురాణం. స్వామి పేరు చెప్పుకునో, చెప్పుకోకుండానో సంక్రాంతి మూడు రోజులూ చుట్టుపక్కల తోటల్లో కోళ్ళకు కత్తులు కట్టే జనానికి మాత్రం ఏనాడూ లోటు లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ, 1974 నాటి మన రాష్ట్రపు గేమింగ్ చట్టమూ వద్దంటూనే ఉన్నాయి. జనం వెళుతూనే ఉన్నారు. మగవాళ్ళు బరుల దగ్గరకు పోతే, ఇంటి పట్టున మిగిలిన వాళ్ళం పేక పట్టేవాళ్ళం. నేను చెబుతున్నది 1980 దాటిన తరవాతి మాట.

అమ్మమ్మ ఇంట్లో రమ్మీ తప్ప మరో ఆటకు అనుమతి లేదు. పదమూడు ముక్కలు, ఒక లైఫు, ఒక సెకండ్ లైఫు, జోకరు. చేతికొచ్చిన ముక్కలు బాగుండక మొదట్లోనే పడేస్తే ఇరవై పాయింట్లు, మధ్యలో పడేస్తే నలభై, అవతలివాడు షో చేసేదాకా కూర్చుని లైఫయినా కూడకపోతే ఫుల్లు, అనగా ఎనభై. ఎంతటి దరిద్రపు చెయ్యి వచ్చినా ఎనభై దాటి పోదు. రమ్మీలోని అందమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ఓటమికి ఒక గట్టు కట్టి ఉంచిన ఆట అది.

ఆ గట్టు మీద అమ్మమ్మ ఇంకో గట్టు కట్టింది. డబ్బు చాప మీదకు రావడానికి వీల్లేదు. ఆటకు కూర్చునే ప్రతివాడూ ఇరవై రూపాయలు ఆవిడ చేతిలో పెట్టి ఇరవై చింతపిక్కలు తీసుకోవాలి. మొదట్లో పడేస్తే ఒక పిక్క, మధ్యలో రెండు, ఫుల్లుకు నాలుగు. పిక్కలు అయిపోతే లేచి వంటింట్లోకి వెళ్ళి మిగతావాళ్ళకు కాఫీ కలపాలి. రెండోసారి పిక్కలు ఇవ్వబడవు. అన్నిటికంటె ముఖ్యమైన షరతు, ఒకరి పిక్కలు మరొకరికి అప్పు ఇవ్వకూడదు. ఒకసారి మా పెదమావయ్య నవ్వుతూ మా అత్తయ్యకు రెండు పిక్కలు తోస్తే, ఇద్దర్నీ లేపేసింది. పండగపూట కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా సడలించలేదు.

ఇంత పట్టుదల ఎందుకో మాకు చాలాకాలం అర్థం కాలేదు. తాతయ్యగారి తమ్ముడు, మేమంతా చిన్నతాతయ్య అనేవాళ్ళం, నాకు ఊహ తెలిసేసరికే అమ్మమ్మ ఇంట్లో సావిట్లో ఒక గదిలో ఉండేవాడు. మంచి మాటకారి. పేక కలిపితే ముక్కలు గాలిలో వంతెన కట్టేవి. కాని మాతో ఏనాడూ ఆడగా చూడలేదు. కలిపి, పంచి, పక్కకు జరిగేవాడు.

ఆయన కథ అమ్మమ్మ నాకు నేను ఎమ్మే చదివే రోజుల్లో చెప్పింది. చిన్నతాతయ్య రమ్మీలో ఆరితేరినవాడట. ఏళ్ళ తరబడి రోజూ సాయంకాలం ఆడి, నెలాఖరుకు లెక్క చూసుకుంటే పది రూపాయలు అటో ఇటో తప్ప తేడా ఉండేది కాదట. అయితే రాత్రి పదకొండు దాటాక కొందరు మిగిలిపోయి మూడు ముక్కలాట వేసేవారు. ఆ మూడు ముక్కలాటలోనే పోయాయి రెండెకరాల మాగాణీ, పెళ్ళాం మెడలో కాసులపేరూ.

“ముక్కలు పట్టుకుపోలేదురా పొలాన్ని. రెట్టింపు పట్టుకుపోయింది” అంది అమ్మమ్మ.

తెలియనివారి కోసం చెబుతున్నాను, తెలిసినవారు క్షమించాలి. మూడు ముక్కలాటలో అందరూ ముందుగా కొంత చిల్లర నడుమ వేస్తారు. ముక్కలు చూసుకోకుండా ఆడేవాడిది బ్లైండు. వాడు రూపాయి వేస్తే, చూసుకుని ఆడేవాడు రెండు వెయ్యాలి. పెంచదలచినవాడు తన వంతుకు రెట్టింపు దాకా పెంచవచ్చు. చుట్టు తిరిగి వచ్చేసరికి మరొకడు దాన్ని రెట్టిస్తాడు. రూపాయి పదిసార్లు రెట్టింపయితే 1,024. మరో పదిసార్లయితే పదిలక్షల పైచిలుకు. లెక్కల మాస్టారికి ఇది వేడుక, పొలం ఉన్నవాడికి కాదు. ఇదే ఆటను జాగ్రత్తపరులు మరోలా ఆడతారు. కుప్ప ఇంతకు చేరగానే ఉన్నవాళ్ళంతా ముక్కలు విప్పి చూపాలని ముందే కట్టు పెట్టుకుంటారు. ఆట అదే, అదృష్టమూ అదే. గట్టు ఒకటి అడ్డం ఉంటుందంతే. చిన్నతాతయ్య కూర్చున్న జట్టులో ఆ కట్టు లేదు. చేతిలో డబ్బు అయిపోతే కాగితం మీద రాసి కుప్పలో పడెయ్యవచ్చు. ఆ కాగితాలు పుచ్చుకునే పెద్దమనిషి ఒకడు పక్కనే గోడకు చేరబడి కూర్చునేవాడట. వాడు ఒక్కనాడూ ముక్క ముట్టుకోలేదట.

న్యాయస్థానాలు ఈ రెండు ఆటలకూ తేడా చూపించాయి. సికిందరాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పడే ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నేర్పు కావాలి, కనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటేగాని మూడు ముక్కలాట వంటి కేవల అదృష్టపు ఆట కాదని 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. నేర్పా, అదృష్టమా అన్నదే కోర్టుల తూనిక. ఒడ్డుకు గట్టుందా లేదా అన్నది అమ్మమ్మ తూనిక. రెండూ వేరు వేరు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కొంపలు నిలిచేదీ కూలేదీ రెండో తూనిక మీదనే అని నాకు తోస్తుంది. నేర్పుగలవాడు గట్టు లేని ఆటలో ఇంకా త్వరగా మునుగుతాడు, తన నేర్పు మీద నమ్మకం ఉంటుంది గనక.

భారతంలో మాత్రం ఏమైంది? ధర్మరాజు మొదటిసారి ఆడిన ద్యూతానికి మేర లేదు. శకుని ప్రతి పందేనికీ “తరవాత ఏమిటి?” అని అడుగుతూంటాడు. ముత్యాలు, బంగారం, రథాలు, ఏనుగులు, రాజ్యం, నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, ద్రౌపది. ఆ వరసలో ఎక్కడా ‘ఇక్కడితో చాలు’ అనే గీత ముందుగా గీసి లేదు. అదే రెండోసారి పిలిచినప్పుడు చూడండి. ఒకే పందెం. ఓడినవాళ్ళు పన్నెండేళ్ళు అడవిలో, ఒక ఏడు అజ్ఞాతంగా ఉండాలి. ఎంత పోతుందో పాచిక వెయ్యకముందే అందరికీ తెలుసు. కష్టమే, కాని దానికి తుది ఉంది. పల్నాటి కోడిపందెమూ అంతే. ఓడినవారికి ఏడేళ్ళ వలస అని ముందే ఒప్పందం. ఎన్నో ఏళ్ళుగా ఈ రెండు ద్యూతాలనూ ఒకటే గాటన కట్టి చెబుతూంటారు. నా క్లాసులో మటుకు ఇవి రెండు వేరు వేరు ఆటలు.

ఇక మా మేనల్లుడు.

వాడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి లేని పిల్లాడు. బావగారు పోయాక ఆఫీసువారిచ్చిన సొమ్ముతో అక్క గొల్లప్రోలు దారిలో రెండు వందల గజాల స్థలం కొనిపెట్టుకుంది. ఆ స్థలం తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. దసరా సెలవులకు వచ్చిన వాడు రెండో రోజు మధ్యాహ్నం, అక్క నిద్రపోయిందని చూసుకుని, నన్ను వీధరుగు మీదకు పిలిచాడు.

“మావయ్యా, ఆ స్థలం అమ్మేద్దామని అమ్మకు నువ్వు చెప్పాలి” అన్నాడు.

ఏడు లక్షల నలభై వేలు బాకీట. ఫోనులో పోకరు ఆడి పోగొట్టాడు. ఆంధ్రలో ఇటువంటి ఆటలను 2020లోనే నిషేధించారు. కర్ణాటకలో 2021లో నిషేధించారు గాని 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అందువల్ల వాడు పిఠాపురం వచ్చినప్పుడల్లా రైలు ఆంధ్ర సరిహద్దు దాటగానే ఫోను “మీ రాష్ట్రంలో ఆట లేదు” అనేదట. వాడు పండక్కు వచ్చి రెండు రోజుల్లోనే పని ఉందని తిరుగు రైలెక్కుతూంటే, ఉద్యోగం మీద ఎంత శ్రద్ధో అని అక్క పొంగిపోయేది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు ఆటలు మూతపడ్డాయి. బాకీ మటుకు మూతపడలేదు.

నేను వాణ్ణి తిట్టలేదు. తిట్టి ప్రయోజనమేముంది? “ఆ ఆటేమిటో నాకు విప్పి చెప్పు” అన్నాను. వంటింట్లోంచి చింతపిక్కల డబ్బా తెచ్చి మధ్యన పోశాను. అమ్మమ్మ నాటివి కావు లెండి, ఆ ఏడాది పండువే.

వాడు చెప్పడం మొదలుపెట్టాక నాకు ఆశ్చర్యం వేసింది. పాఠం చెప్పే లక్షణం వాడిలో ఉంది. ప్రతివాడికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. నడుమ అందరికీ కలిపి అయిదు ముక్కలు విప్పుతారు, మొదట మూడు, తరవాత ఒకటి, ఆ తరవాత ఒకటి. ముక్క విప్పినప్పుడల్లా పందెం. ఆట అంతవరకే. తరవాతదంతా ఒడ్డే పద్ధతి.

“ఇందులో మూడు రకాలు మావయ్యా. మొదటిది లిమిట్. రెండూ నాలుగు ఆట అనుకో. మొదటి రెండు విడతల్లోనూ ఎవరు వేసినా రెండే, పెంచినా రెండే పెంచాలి. చివరి రెండు విడతల్లో నాలుగు. ఒక విడతలో మొదటి పందెం కాక మూడుసార్లే పెంచనిస్తారు.”

నేను పిక్కలతో లెక్క వేశాను. ఎనిమిది, ఎనిమిది, పదహారు, పదహారు. ఒక పంపకంలో ఎంత మొండికేసినా నలభై ఎనిమిది పిక్కలు. రమ్మీలో ఎనభై వంటిదే. అమ్మమ్మ ఒప్పుకునే ఆట.

“రెండోది పాట్ లిమిట్. కుప్పలో ఎంతుందో అంతవరకు పెంచవచ్చు.”

వినడానికి ఇదీ బుద్ధిమంతుల ఆటలాగే ఉంది. నడుమ పది పిక్కలు పెట్టి చూశాం. వాడు పది వేశాడు, ఇరవై అయింది. నేను వాడి పదికి పది కలిపితే ముప్ఫై, ఆ ముప్ఫై మేరకు మళ్ళీ పెంచవచ్చు గనక మొత్తం నలభై తోశాను. కుప్ప అరవై. వాడు తిరిగి నా పెంపుకు ముప్ఫై కలిపి, తొంభై పెంచి, నూట ఇరవై తొయ్యాలి. పిక్కలు చాలక ఆగిపోయాం. మూడంటే మూడు మాటల్లో పది కాస్తా నూట ఎనభై! గట్టు ఉంది గాని, ఏరు పెరిగినకొద్దీ గట్టూ పెరుగుతూ పోతోంది. అలాంటి గట్టు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

“మూడోది నో లిమిట్. ముందున్నదంతా ఎప్పుడైనా తోసెయ్యవచ్చు. ఆలిన్ అంటారు. నేనాడింది ఇదే.”

“నువ్వు లక్ష తోస్తే పదివేలున్నవాడి గతేమిటి?” అని అడిగాను.

“వాడు పదివేలకే ఆడతాడు. వాడి మేరకు ఒక కుప్ప, మిగిలినవాళ్ళు ఆడుకునేందుకు పక్కన ఇంకో కుప్ప. పంపకం మధ్యలో జేబులోంచి తీయకూడదు. బల్ల మీద ఉన్నంతే పోతుంది. దాన్ని టేబుల్ స్టేక్స్ అంటారు.”

నేను ఉలిక్కిపడ్డాను. ఇది అచ్చంగా అమ్మమ్మ షరతు! ఇరవై పిక్కలు, అప్పు లేదు. ఆవిడ అమెరికా పేరు వినడమే గాని అక్కడి జూదశాలల శాసనం ఎప్పుడు చదివిందో! ధర్మరాజుకు ఈ ఒక్క నియమం ఉన్నట్లయితే, రథాలూ ధనమూ పోయాక లేచి ఇంటికి వెళ్ళేవాడు. తమ్ముళ్ళు బల్ల మీద లేరు గదా.

వాడింకో సంగతి చెప్పాడు. లాస్‌వేగాస్‌లో 1970 నుంచి ఏటా జరిగే ప్రపంచ పోకరు పోటీలో పెద్ద ఆట ఈ నో లిమిటేనట. అయితే 1972 నుంచి అందులో దిగడానికి రుసుం పదివేల డాలర్లు. ఓడిపోతే ఆ పదివేలే పోతాయి, మళ్ళీ కొనుక్కుని కూర్చోవడానికి వీల్లేదు. పేరుకు మేర లేని ఆట, వాకిట్లో మాత్రం మేర ఉంది.

“మరి నీకెక్కడ పోయిందిరా?”

“పంపకానికీ పంపకానికీ మధ్య, మావయ్యా. బల్ల మీద అయిపోగానే అడుగున ఒక బొత్తాం ఉంటుంది. నొక్కితే క్షణంలో డబ్బు చేరుతుంది. నేను ఒక పంపకంలో పదివేలు దాటి ఎప్పుడూ పోగొట్టలేదు. బొత్తామే...” అని ఆగిపోయాడు.

ప్రతి కుప్పలోంచీ కొంత కంపెనీకి పోతుందని కూడా చెప్పాడు. అదేమీ కొత్త కాదు. గెలిచిన పందెంలో నూటికి అయిదు ద్యూతాధ్యక్షుడు వసూలు చెయ్యాలని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాసిపెట్టాడు. ఆడేవాళ్ళందరూ సమానమైన నేర్పరులయితే, చాలినంతసేపు ఆడితే, అందరి పిక్కలూ ఆ నూటికి అయిదులోకే చేరతాయి.

మేమిలా మాట్లాడుకుంటూండగా వెనక గుమ్మంలో అలికిడయింది. అక్క నిద్రపోలేదు. ఎంతసేపటినుంచి నిలబడిందో తలుపు రెక్క పట్టుకుని వింటోంది. వాడి ముఖం పాలిపోయింది. నాకూ ఏం మాట్లాడాలో తోచలేదు. అక్క వచ్చి చాప చివర కూర్చుంది. పిక్కల కుప్ప వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

“నీ పిక్కలు అయిపోయాక మళ్ళీ పిక్కలిచ్చిందెవడు?” అని అడిగింది కొడుకుని.

వాడు చెప్పాడు. మొదట జీతం. తరవాత క్రెడిట్ కార్డు. ఆ తరవాత బ్యాంకువాళ్ళే ఫోను చేసి ఇస్తామన్న అప్పు. ఆ అప్పు తీర్చడానికి మరో యాపు ఇచ్చిన అప్పు.

“అయితే నువ్వు ఓడింది ఆటలో ఎదటివాళ్ళకు కాదు. గోడకు చేరబడ్డవాడికి” అంది అక్క. చిన్నతాతయ్య కథ నాకంటె ముందే ఆవిడకు తెలుసు కాబోలు. నేను ఎమ్మేకు వచ్చేదాకా నాకెవరూ చెప్పనేలేదు.

స్థలం విషయం నేను ఎత్తవలసిన అవసరం కలగలేదు. వాడే తలవంచుకుని ఎత్తాడు. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఎదురింటి వాళ్ళు పంపు కింద బిందె పెట్టారు. అది నిండి పొర్లేదాకా ఊరుకుంది.

“స్థలం అమ్మను. అది బల్ల మీద లేదు” అంది.

నా ఇరవై ఏళ్ళ పాఠాల్లో అంత టూకీగా సభాపర్వానికి వ్యాఖ్యానం చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి.

తరవాత సాయంకాలం దాకా ముగ్గురం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. చిల్లర అప్పులన్నీ ఒకచోటికి చేర్చి, తక్కువ వడ్డీకి ఒక్క బ్యాంకు అప్పుగా మార్చుకుంటే నెలకు ఇరవై ఆరువేల చొప్పున మూడేళ్ళు కట్టాలని తేలింది. విడిగా ఉంటున్న ఇల్లు వదిలేసి స్నేహితులతో గది పంచుకుంటే అద్దెలో సగం మిగులుతుంది. కార్డు అక్క ఎదుటనే కత్తిరించాడు. నేను ఎంతో కొంత సర్దుతానన్నాను. “వద్దురా తమ్ముడూ, ఒకరి పిక్కలు ఒకరికి ఇవ్వకూడదు” అంది అక్క. నాకు కష్టంగానే తోచింది. అమ్మమ్మ పోలిక ఇంట్లో ఒకరికైనా రావాలి గదా అని సరిపెట్టుకున్నాను.

ప్రతి నెలా మూడో తారీకున వాడు వాయిదా కట్టి, రసీదు ఫొటో తీసి తల్లికి పంపుతున్నాడు. అక్కకు ఫోనులో అక్షరాలు చిన్నవిగా కనబడతాయి. అందుకని నా దగ్గరకు తెచ్చి చదివించుకుని, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుడుతుంది. చుట్టి, ఇంకా ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటుంది.